ముందే కొట్టేసిన పేరు: ‘కిల్ బిల్’ మళ్లీ చూస్తుంటే

(హైదరాబాద్‌లో సినిమా మిత్రులు కొందరు కూడిన సాయంత్రం ఒక ఎడిటర్ చేసిన ప్రసంగం. మాట తీరు చెడకుండా రాత రూపంలోకి తెచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇంకొందరు ఇరుక్కున్నారట. వాళ్ల కోసం ఆగితే ఈ రాత్రికి మొదలుపెట్టలేం.

క్వెంటిన్ టరంటీనో తీసిన ‘కిల్ బిల్’ గురించి మాట్లాడమన్నారు. రెండు భాగాలు. మొదటిది 2003 అక్టోబర్‌లో, రెండోది 2004 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలయ్యాయి. అసలు ఒకే సినిమాగా తీశారు. నిడివి పెరిగిపోయి రెండుగా కోయాల్సి వచ్చింది. కథ చెప్పడానికి అర నిమిషం చాలు. పెళ్లి రిహార్సల్ జరుగుతున్న ఒక చిన్న చర్చిలోకి బిల్ అనేవాడి ముఠా వచ్చి అందరినీ కాల్చేస్తుంది. పెళ్లికూతురు నిండు గర్భిణి, ఒకప్పుడు ఆ ముఠాలో మనిషే. తలలో బుల్లెట్ దిగినా చావదు. నాలుగేళ్లు కోమాలో ఉండి లేస్తుంది. ఐదు పేర్లు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ బయల్దేరుతుంది. అంతే.

చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ముందే చెబుతున్నాను, కథంతా చెప్పేస్తాను. నన్ను తిట్టుకోకండి. ఆ పని ఈ సినిమానే ముందు చేసింది, అదెలాగో ఇప్పుడు వస్తాను.

ఈ కథ మనకేం కొత్త కాదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఏ హాలు తీసుకున్నా ఏదో ఒక ఏడాది ఇలాంటి కథ వంద రోజులు ఆడే ఉంటుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, ‘కిల్ బిల్’ వచ్చిన 2003లోనే మనకు ‘సింహాద్రి’. పగ అంటే మనకు ఒకరు నేర్పక్కర్లేదు. నేను కోఠిలో కొన్న సీడీలో ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు నాకూ ఆ కత్తులు, చిమ్మే రక్తం, ఆ పసుపు పచ్చ ట్రాక్ సూట్, నేపథ్యంలో పాటలు, ఇవే కనిపించాయి. ‘ఏం తీశాడ్రా’ అనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. తర్వాత ఎడిటింగ్ రూముల్లో బతుకు మొదలయ్యాక మళ్లీ చూస్తుంటే కన్ను వేరే చోట నిలబడుతోంది. ఏది ముందు చెప్పాడు, ఏది దాచాడు, ఎవరి కథ ఎక్కడ ఆపి ఎవరి కథ ఎత్తుకున్నాడు. ఆ వరస. మనం ఎవరి పక్షాన ఉండాలో, ఏ క్షణంలో ఆ పక్షం మీద అనుమానం రావాలో ఆ వరసే నిర్ణయిస్తోంది. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా ఉదాహరణలు.

మొదటి అధ్యాయం తీసుకుందాం. కాలిఫోర్నియాలో పాసడీనా అనే ఊరు. శుభ్రమైన వీధి. ఇంటి ముందు గడ్డిలో పిల్లల బొమ్మలు పడున్నాయి. పెళ్లికూతురు, అంటే ఉమా థుర్మన్, వచ్చి బెల్ కొడుతుంది. తలుపు తీసిన ఇల్లాలు వెర్నిటా గ్రీన్. ముఠాలో పనిచేసిన మనిషి, ఇప్పుడు పేరు మార్చుకుని డాక్టర్ భార్యగా స్థిరపడింది. పలకరింపు లేదు. తలుపు తెరుచుకోగానే గుద్దు. హాల్లో టేబుల్ విరుగుతుంది, అద్దాల బీరువా పగులుతుంది. ఇద్దరి చేతుల్లోనూ కత్తులు, ఇద్దరూ రొప్పుతున్నారు. ఫ్రేములో ఆ చివర ఒకావిడ, ఈ చివర ఒకావిడ, మధ్యలో పెద్ద కిటికీ. ఆ కిటికీలోంచి పసుపు పచ్చ రంగు స్కూల్ బస్సు వచ్చి ఇంటి ముందు ఆగడం కనిపిస్తుంది.

ఇక్కడ కట్ ఎక్కడ పడిందో చూడండి. బస్సు ఆగిన వెంటనే కట్ చెయ్యడు. మనల్ని చూడనిస్తాడు. చిన్నపిల్ల దిగి నడుచుకుంటూ వస్తోంది. వెర్నిటా కళ్లతోనే బతిమాలుతుంది, ఇప్పుడొద్దు అని. తలుపు తెరుచుకునే సరికి ఇద్దరి కత్తులూ వీపుల వెనక్కి వెళ్లిపోయాయి. ఆ పిల్ల పేరు నిక్కీ, నాలుగేళ్లు. ఇల్లంతా ఇలా అయిందేంటమ్మా అంటే తల్లి నేరం కుక్క మీదకు తోస్తుంది. పిల్లను పైకి పంపించి, వచ్చినావిడను కాఫీ తాగుతావా అని అడుగుతుంది. తాగుతానంటుంది ఆవిడ. ఒకళ్లనొకళ్లు చంపుకోవడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు ఆడవాళ్లు వంటింట్లో నిలబడి కాఫీ దగ్గర మర్యాదలు పాటిస్తుంటారు. మన ఇళ్లల్లో ఆస్తి తగాదా నడుస్తున్నా వచ్చిన వదినగారికి కాఫీ ఇవ్వకుండా పంపరు, అలాంటి మర్యాద ఇది. (నవ్వులు)

తర్వాత వెర్నిటా పిల్ల కోసం సీరియల్ గిన్నెలో పోస్తున్నట్టు నటిస్తూ ఆ డబ్బాలో దాచిన తుపాకీతో కాలుస్తుంది. గురి తప్పుతుంది. కత్తి వచ్చి గుండెలో దిగుతుంది. నేలంతా రంగురంగుల పలుకులు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో నిక్కీ నిలబడి ఉంది.

పెళ్లికూతురు ఆ పిల్లతో మాట్లాడుతుంది. నీ ముందు ఇది జరగాలని నేను అనుకోలేదు, పెద్దదానివయ్యాక నీకింకా మంటగా ఉంటే రా, ఎదురు చూస్తుంటాను. ఈ అర్థం వచ్చేలా చెప్పి బయటకొచ్చి ట్రక్కులో కూర్చుంటుంది. జాబితా తీసి రెండో నంబరు పేరు కొట్టేస్తుంది. అప్పుడు మనం చూడాల్సింది ఒకటో నంబరు. ఓ-రెన్ ఇషీ, మొదటి భాగం చివర పెళ్లికూతురు తలపడేది ఈవిడతోనే. ఆ పేరు అప్పటికే కొట్టేసి ఉంది.

అంటే మొదటి భాగం మొత్తం ఎటు నడుస్తోందో, ఆ చివరి యుద్ధంలో ఎవరు గెలుస్తారో ఇంకా పాప్‌కార్న్ పొట్లం విప్పకముందే చెప్పేశాడు. మన దగ్గర స్టోరీ సిట్టింగ్‌లో ఈ మాట అంటే ‘క్లైమాక్స్ ముందే లీక్ చేస్తావేంటయ్యా, టెన్షన్ ఏం మిగిలింది’ అంటారు. నేనూ విన్నాను ఆ మాట. కానీ ఆలోచిస్తే మన తాతలకు ఇది ఎప్పుడూ సమస్య కాలేదు. కీచకవధ చూడ్డానికి వెళ్లినవాడెవడూ కీచకుడు బతుకుతాడేమోనన్న ఆశతో వెళ్లలేదు. చీకట్లో సైరంధ్రి అనుకుని వాడు చెయ్యి వేస్తున్నది భీముడి మీద అని పందిరి కింద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, వాడొక్కడికే తెలియదు. అందుకే ఆ చెయ్యి వేసే క్షణం కోసం తెల్లవార్లూ కూర్చున్నారు. ఫలితం తెలిసిపోతే మనసుకు వేరే వాటిని చూసే తీరిక దొరుకుతుంది. టరంటీనో ఆ తీరికను దేనికి వాడాడన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు జరిగిన కాలం ప్రకారం పేర్చి చూడండి. ముందు టోక్యోలో ఓ-రెన్ చావు, తర్వాత పాసడీనాలో వెర్నిటా చావు. ఆ వరసలోనే చెప్పి ఉంటే ఏమయ్యేది? టోక్యోలో అంత పెద్ద యుద్ధం చూసొచ్చాక ఈ వంటింటి గొడవ చప్పగా తేలిపోయేది. గుమ్మంలో నిలబడ్డ పిల్ల ‘అయ్యో పాపం’ అనిపించి మాయమయ్యేది. అలా కాకుండా ముందు నిక్కీని చూపించాడు. ఆ తర్వాత మూడో అధ్యాయంలో ఓ-రెన్ చిన్ననాటి కథ ఎత్తుకున్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల మంచం కింద దాక్కుని ఉంటుంది. పైన తల్లిని చంపుతున్నారు. పరుపులోంచి రక్తం కారి కింద ఉన్న పిల్ల ముఖం మీద పడుతుంది. పదకొండేళ్లకు ఆ పిల్ల తన తల్లిదండ్రులను చంపించిన వాణ్ని చంపుతుంది. అక్కడి నుంచి హంతకురాలిగా ఎదుగుతుంది.

మన కళ్లలో నిక్కీ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉండగా ఇది చూస్తున్నాం. పైకి ఎవరూ ఏమీ అనరు, ఒక్క డైలాగు కూడా ఉండదు. కానీ లెక్క మనకు తెలిసిపోతుంది. నాయిక చంపబోయే మనిషి కూడా ఒక పగ కథలో నాయికే. ఆవిడ కథను మొదట తీసి ఉంటే మనం చప్పట్లు కొట్టింది ఆవిడకే. పైగా మన నాయిక మొదటి అధ్యాయంలోనే ఇంకో ఓ-రెన్‌ను తయారు చేసి వచ్చింది.

భారతం తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక ఘట్టం గుర్తు రావాలి. నిద్రపోతున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపేస్తాడు. అర్జునుడు వాణ్ని కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. పోతన భాగవతంలో, ప్రథమ స్కంధంలో ఉంది ఇది. ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న తల్లి, సభలో పడ్డ అవమానానికి అన్నేళ్లు రగిలిన మనిషి, వదిలేయమంటుంది. నేను ఏడ్చినట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదంటుంది. నా పెళ్లికూతురు ద్రౌపది కాదు. అక్కడిదాకా వెళ్లదు. కానీ ఆవిడకూ లెక్క తెలుసు. పిల్లతో ఆ మాట చెప్పడమంటే, నేను చేసింది నీకు అప్పు, వచ్చి తీర్చుకో అని ఒప్పుకోవడమే. మామూలు పగ సినిమాలో హీరోకి ఆ అప్పు ఉందన్న సంగతే ఎవరూ గుర్తు చెయ్యరు. విలన్‌కు కూతురుంటే ఆ పిల్లను ఇంటర్వెల్ తర్వాత ఎవరో బంధువులు తీసుకెళ్లిపోతారు, అంతే.

ఇక రెండో సంగతి, నాకు బాగా ఇష్టమైనది. ఫ్లాష్‌బ్యాక్.

మనకు ఫ్లాష్‌బ్యాక్ ఒక సంస్థ లాంటిది. ఫస్టాఫ్‌లో హీరో అమాయకంగా హోటల్లోనో ఇంట్లోనో పనిచేస్తుంటాడు, ఇంటర్వెల్‌కు ఎవడో గుర్తుపడతాడు, సెకండాఫ్‌లో సుమోలు లేస్తాయి. దాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ‘సమరసింహారెడ్డి’, ‘సింహాద్రి’ రెండింటికీ కథ ఇచ్చింది విజయేంద్రప్రసాద్ గారు. నాయకుడి గతాన్ని ఎంతసేపు దాచాలి, ఎక్కడ విప్పాలి అన్న లెక్క ఆయనకు తెలిసినంత ఈ దేశంలో ఎందరికి తెలుసో చెప్పడం కష్టం. అయితే మన ఫ్లాష్‌బ్యాక్ చాలాసార్లు జవాబు. ఇతనెవరు అన్న ప్రశ్నకు జవాబు. ‘కిల్ బిల్’లో దాన్ని వేరే పనికి వాడాడు.

ఆసుపత్రి నుంచి తప్పించుకున్న పెళ్లికూతురు చక్రాల కుర్చీలో పార్కింగ్‌కు చేరి ఒక ట్రక్కు వెనక సీటులోకి పాకుతుంది. నాలుగేళ్లు కదలని కాళ్లు. బొటనవేలు కదలమని దానికి ఆజ్ఞ ఇస్తుంది. కదలదు. ఒక షాట్‌లో వేలు, ఒక షాట్‌లో ఆవిడ ముఖం. మళ్లీ వేలు. సరిగ్గా అక్కడ, ఒంట్లో ఏదీ కదలనప్పుడు, ఓ-రెన్ కథ మొదలుపెడతాడు. కథ అయ్యాక వెనక్కి వచ్చి చూస్తే వేలు కదులుతుంది. అంటే ఆ కథకు పట్టిన సమయమే ఆవిడ ఎదురుచూసిన సమయం. పగ పట్టిన మనిషి కదల్లేక పడుకుని ఏం చేస్తుంది? శత్రువు చరిత్రంతా నెమరేసుకుంటుంది. మనం ఆవిడ బుర్రలోనే ఉన్నాం.

రెండో భాగంలో ఇదే పనిని ఇంకా గట్టిగా చేస్తాడు. జాబితాలోని బడ్ అనేవాడు పెళ్లికూతురిని రాళ్ల ఉప్పు నింపిన తూటాతో కొట్టి, పెట్టెలో పెట్టి బతికుండగానే పాతిపెడతాడు. చేతిలో ఒక టార్చిలైటు. తెర వెడల్పు కూడా తగ్గిపోయి పాత సినిమాల్లా చదరంగా అవుతుంది. తర్వాత చీకటి. మేకులు దిగుతున్న చప్పుడు, మీద మట్టి పడుతున్న చప్పుడు, ఒక్కో పారకూ ఆ చప్పుడు దూరమవుతుంది. సౌండ్ ఇంజినీర్లు ఎవరైనా ఉంటే ఆ నిమిషాన్ని కళ్లు మూసుకుని వినండి, మీకు పాఠం అక్కరలేదు. సరిగ్గా అక్కడ ఆపి ఏం చేస్తాడు? గురువు పై మే కథ ఎత్తుకుంటాడు. తెల్లటి కనుబొమలు, గడ్డం నిమురుకోవడం, నవ్వు తెప్పించే జూమ్‌లు. మట్టి కింద ఆవిడను వదిలేసి మనల్ని చైనా కొండ మీదకు తీసుకెళ్లి నవ్విస్తున్నాడు! ఆ కొండ మీద గురువు ఆవిడకు నేర్పింది ఒకటి, చెక్కకు బాగా దగ్గరగా పిడికిలి పెట్టి గుద్ది దాన్ని పగలగొట్టడం. చేతులు వాచిపోయి, అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ పట్టుకోలేకపోయినా వదలడు. వెనక్కి వస్తే ఆవిడ పెట్టెలో ఉంది, ముఖానికి దగ్గరగా చెక్క ఉంది.

మన హరికథలో పిట్టకథ ఉంటుంది చూడండి, అది ఇది. దాసుగారు మంచి పట్టులో ఉన్నప్పుడు, అందరూ ముందుకు వంగి వింటున్నప్పుడు ఆపి, వేరే కథ ఎత్తుకుంటారు. వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది. కానీ లేచి వెళ్లరు. మంచి హరిదాసు పిట్టకథ ముగించే చోట అసలు కథకు కావాల్సినది అందులో దొరికి ఉంటుంది. తక్కువ రకం దాసుగారికి అది కేవలం టైం పాస్. ఈ సినిమాలో కథ రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ నాయిక కదల్లేని స్థితిలో ఉంది, రెండుసార్లూ చెప్పిన కథే ఆవిడను కదిలించింది. నాకు తెలిసి స్క్రీన్‌ప్లే మీద మంచి పుస్తకం చదవడం కంటే ఈ రెండు సీన్లను పక్కపక్కన పెట్టుకుని చూడటం మేలు.

దీని ఎడిటర్ సాలీ మెంకీ. 2010లో చనిపోయేవరకు టరంటీనో సినిమాలన్నీ ఆవిడే ఎడిట్ చేశారు. ఎడిటింగ్ అంటే వేగం అనుకునే పిల్లలు ఆవిడ పని చూడాలి. ఎక్కడ కట్ చెయ్యకుండా ఆగిందో చూడాలి.

ఇప్పుడు రక్తం దగ్గరికి వద్దాం. అందరూ దాని కోసమే కదా వచ్చింది.

ఐదో అధ్యాయం, టోక్యోలో హౌస్ ఆఫ్ బ్లూ లీవ్స్ అనే క్లబ్బు. సెట్ వేసింది బీజింగ్‌లో. ఫైట్స్ యువెన్ వూ-పింగ్, హాంకాంగ్ ఫైట్లు చూసి పెరిగినవాళ్లకు పరిచయం అక్కర్లేని పేరు. కంప్యూటర్ రక్తం వద్దని టరంటీనో పట్టుబట్టి, పాత చైనా సినిమాల పద్ధతిలో కండోమ్‌లలో రంగు నీళ్లు నింపి పగలగొట్టించాడు. అందుకే ఆ రక్తం ఫౌంటెన్ లాగా లేస్తుంది, నిజం రక్తంలా కనిపించదు, కనిపించాలన్న ఉద్దేశమూ లేదు.

కానీ గమనించండి, ఆ ఒక్క యుద్ధంలో పద్ధతి ఎన్నిసార్లు మారిందో. మామూలు రంగులో మొదలవుతుంది. ఒకడి కన్ను పెరికిన క్షణంలో తెర నలుపు తెలుపైపోతుంది. అమెరికా రేటింగ్ వాళ్లు ఒప్పుకోరన్న భయం దీని వెనక ఉంది. జపాన్‌లో విడుదలైన వెర్షన్‌లో ఆ భాగం రంగుల్లోనే ఉంటుంది. నేను రెండూ చూశాను. నా ఓటు నలుపు తెలుపుకే. రంగు పోగానే అవయవాలు తెగడం ఒక నాట్యంలా కనిపిస్తుంది, కడుపులో తిప్పదు. తర్వాత మళ్లీ రంగు వస్తుంది. లైట్లు ఆరిపోయి నీలం వెలుగు ముందు నీడలు కొట్టుకుంటాయి, మన తోలుబొమ్మలాట తెర గుర్తొస్తుంది. ఇవన్నీ అయ్యాక చివరగా ఒక కుర్రవాడు మిగులుతాడు, చేతులు వణుకుతుంటాయి. పెళ్లికూతురు వాణ్ని చంపదు. కత్తి బల్లపరుపు వైపుతో పిర్ర మీద నాలుగు తగిలించి, ఇంటికి మీ అమ్మ దగ్గరికి పో అని పంపేస్తుంది. హాల్లో అందరూ నవ్వుతారు. నిక్కీని, ఓ-రెన్‌ను చూసొచ్చాక నాకు ఆ నవ్వులో ఇంకోటి కూడా వినపడుతోంది. పిల్లల దగ్గరకొస్తే ఈవిడ చెయ్యి ఆగుతోంది.

ఆ తర్వాత తలుపు జరుపుతుంది. బయట తోట, మంచు పడుతోంది. వెదురు గొట్టంలో నీళ్లు నిండి టక్ మని వాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. తెల్ల కిమోనోలో ఓ-రెన్. అంతమందిని చకచకా నరికిన సినిమా ఈ ఒక్క చావును నెమ్మదిగా, గౌరవంగా జరిపిస్తుంది. ముందు వెక్కిరించిన ఓ-రెన్ దెబ్బ తిన్నాక క్షమించమని అడుగుతుంది. పేరు ముందే కొట్టేసి ఉంది, ఫలితం మనకు తెలుసు, అయినా ఆ చివరి వేటుకు నా చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుంటుంది. ఒకరు గెలవాలని కాదు. ఆ మంచం కింది పిల్ల అక్కడ చచ్చిపోతోంది కాబట్టి.

మొదటి భాగం ఎక్కడ ఆపాడో చూడండి. బిల్ ముఖం ఇంతవరకూ చూపించలేదు. చేతులు, గొంతు మాత్రమే. ఆ గొంతు అడుగుతుంది, తన కూతురు బతికే ఉందని ఆవిడకు తెలుసా అని. మనకు ‘బాహుబలి’ అనుభవం ఉంది. 2015లో కట్టప్ప పొడిచిన దగ్గర ఆపి, ఎందుకు అన్న ప్రశ్నతో 2017 దాకా దేశాన్ని కూర్చోబెట్టారు. అది ప్రశ్నతో కట్టిన ముడి. ఇది సమాధానంతో కట్టిన ముడి. పెళ్లికూతురికి తెలియనిది మనకు తెలిసిపోయింది. ఇక రెండో భాగమంతా ఆవిడ వేసే ప్రతి అడుగుకీ మన గుండె కొంచెం ముందు నడుస్తుంది. మళ్లీ కీచకుడి చీకటి గదిలోకే తీసుకొచ్చాడు మనల్ని.

రెండో భాగం మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి. మెక్సికోలో బిల్ జాడ చెప్పే ముసలాయన దగ్గర కథ నీరసపడుతుంది. చివర్లో బిల్ సూపర్‌మ్యాన్ గురించి చెప్పే ఉపన్యాసం చాలామందికి ఇష్టం, నాకు మాత్రం రచయిత వచ్చి క్లాస్ పీకుతున్నట్టు ఉంటుంది. కానీ రెండు సంగతులకు అన్నీ క్షమించేస్తాను.

ఒకటి, చర్చిలో కాల్పులు. కథకు మూలమైన నేరం అది. ఇంత రక్తం చూపించిన దర్శకుడు దాన్ని చూపించడు. నలుగురు తుపాకులతో లోపలికి వెళ్తుంటే కెమెరా వెనక్కి జరిగి బయటకొచ్చి పైకి లేస్తుంది. లోపల చప్పుళ్లు వింటాం, అంతే. దానికి ముందు బిల్‌ను మొదటిసారి పూర్తిగా చూస్తాం, చర్చి అరుగు మీద కూర్చుని వేణువు ఊదుకుంటూ మెత్తగా మాట్లాడుతుంటాడు.

రెండోది లెక్క. జాబితాలో ఐదు పేర్లు. ఆవిడ చేత్తో చచ్చింది ఎందరు? ఓ-రెన్, వెర్నిటా, బిల్. బడ్‌ను జాబితాలోనే ఉన్న ఒంటికన్ను ఎల్ డ్రైవర్ పాముతో చంపిస్తుంది. ఎల్‌కు మిగిలిన ఆ ఒక్క కన్నూ పెళ్లికూతురు పెరికి అక్కడే వదిలేస్తుంది. రెండు భాగాలూ చూసి, ‘అబ్బ, ఎంతమందిని నరికిందో’ అనుకుంటూ లేచే ప్రేక్షకుడికి రెండో భాగంలో ఆవిడ చంపింది ఒక్కణ్నే అని తట్టదు. ఆ ఒక్క చావు కూడా ఎలా? గది తలుపు తీస్తే నాలుగేళ్ల కూతురు బొమ్మ తుపాకీ పట్టుకుని నిలబడి ఉంటుంది. బిల్ వంటింట్లో పెద్ద కత్తితో పిల్లకు శాండ్‌విచ్ చేస్తుంటాడు, రొట్టె అంచులు జాగ్రత్తగా కోస్తూ. ఇంత సినిమాలో ఎన్ని కత్తులు చూశాం, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది రొట్టె కోసే ఆ కత్తి. చివరికి కత్తితో కాదు, గురువు నేర్పిన వేళ్ల దెబ్బతో చస్తాడు. కుర్చీలోంచి లేచి, కోటు సర్దుకుని, ఐదడుగులు వేసి పడిపోతాడు.

ఒక మాట చెప్పకుండా దాటలేను. బిల్ దగ్గరికి ఆవిడ కారు నడుపుకుంటూ వెళ్లే షాట్లు ఉంటాయి. ఆ షూటింగ్‌లో కారు చెట్టుకు గుద్దుకుని ఉమా థుర్మన్‌కు మెడ, మోకాళ్లకు దెబ్బలు తగిలాయి. తను వద్దన్నా నడపమన్నారని 2018లో ఆవిడ బయటపెట్టారు. టరంటీనో తన తప్పు ఒప్పుకున్నాడు. ఈ సినిమాలో ఆవిడకు డూపుగా చేసిన జోయీ బెల్ కూడా గాయపడింది. మన కృష్ణానగర్‌లో ఏ టీ బంకు దగ్గర నిలబడ్డా కట్టు కట్టుకున్న ఫైటర్ ఒకరైనా కనిపిస్తారు. స్టైల్ గురించి ఇంతసేపు మాట్లాడి ఈ సంగతి వదిలేస్తే నా నోరు నాకే చేదుగా ఉంటుంది.

సరే, ప్రశ్నలు అడగండి.

[ఒక యువకుడు: ‘సార్, ఇదే కథను రక్తం లేకుండా చెప్పొచ్చు కదా?’]

చెప్పొచ్చు బాబూ. చర్చి సీన్ అలాగే చెప్పాడు కదా. కానీ మొదటి భాగంలో అంత రక్తం లేకపోతే రెండో భాగంలో శాండ్‌విచ్ కోసే కత్తికి ఆ భయం ఎక్కడి నుంచి వస్తుంది? ముందు మనకు అలవాటు చేశాడు, తర్వాత ఆపేశాడు. ఈ మధ్య మన వాళ్లు తీస్తున్న కొన్ని సినిమాల్లో అలవాటు చేయడం వరకే నేర్చుకున్నారు. ఆపడం దగ్గరకు ఇంకా రాలేదు. పేర్లు నన్ను అడక్కు, రేపు వాళ్ల దగ్గరే పని చేసుకోవాలి. (నవ్వులు)

[ఒక మహిళ: ‘నిక్కీ పెద్దదయ్యాక వచ్చే కథతో మూడో భాగం తీస్తానని ఆయన అన్నాడు కదండీ?’]

చాలాసార్లు అన్నాడమ్మా. తీయకపోతేనే బాగుంటుందని నా ఉద్దేశం. నిక్కీ వస్తే మనం ఎవరి పక్షాన ఉండాలో తేల్చాల్సి వస్తుంది, ఇంతవరకు ఆ పని మనకే వదిలేశాడు. కూతురితో కారులో వెళ్లిపోతున్న పెళ్లికూతురిని చూసి హమ్మయ్య అనుకుంటూనే, పాసడీనాలో ఒక పిల్లకు ఏడాది ఏడాదికీ వయసు వస్తోందని లెక్కపెట్టుకోవడంలో ఉన్న ఇబ్బంది నాకు నచ్చింది. తీస్తే మాత్రం మొదటి రోజు మొదటి ఆటకే వెళ్తాను, అది వేరే విషయం.